ఒక్క చేతికే పాలిచ్చే గేదె

అడవిలో జరిగిన కథలు మీకు చాలామంది చెప్పే ఉంటారు. సింహాలూ నక్కలూ మీకు బాగా తెలిసే ఉంటాయి. నేను అడవికి ఎప్పుడూ వెళ్లలేదు. తెలియని చోటు గురించి మాట్లాడటం నాకు అలవాటు లేదు. మా వీధి గురించైతే ఎంతసేపైనా చెబుతాను. అందుకని, పిల్లలూ, అనగనగా మా వీధి చివర ఒక దొడ్డి. ఆ దొడ్డిలో ఒక గేదె, దాని దూడ, ఒక మేక, ఒక కోడిపెట్ట ఉండేవి. వీళ్లు కాక ఇద్దరు మనుషులు కూడా ఉండేవారు.

మనుషుల సంగతి ముందు చెప్పేస్తాను. తొందరగా అయిపోతుంది.

ఆయన పేరు గౌరునాయుడు. చాలా మంచివాడు. తన పని వేరేవాళ్లు చేస్తామంటే ఏనాడూ అడ్డు చెప్పలేదు. ఆయన భార్య పేరు వరహాలమ్మ. ఆవిడా మంచిదే. తన పని వేరేవాళ్లు చేస్తామంటే మాత్రం ఒప్పుకోదు. అందువల్ల వాళ్ల కాపురం సజావుగా సాగిపోయింది.

గేదె పేరు చంద్రి. నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది. పూటకు మూడు లీటర్ల పాలిచ్చేది. చిక్కల్లా ఒక్కటే. వరహాలమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పొదుగు మీద పడితే చాలు, పాలు బిగబట్టేసేది. చుక్క రాల్చేది కాదు. అప్పటికీ ఎదుటివాళ్లు వదలకపోతే వెనక కాలు లేపేది.

ఈ చిక్కు గురించి వరహాలమ్మ వీధిలో అందరి దగ్గరా వాపోయేది.

"ఏం చెప్పను వదినా! నేను లేకపోతే అది గడ్డి కూడా ముట్టదు. ఒక పెళ్లికి వెళ్లడానికి లేదు, ఒక తీర్థానికి వెళ్లడానికి లేదు. నా బతుకంతా ఈ గేదెకే సరిపోయింది."

అలా వాపోతున్నప్పుడు ఆవిడ ముఖం చూడాలి. కొడుకు బడిలో ఫస్టు వచ్చాడని చెప్పే తల్లి ముఖం కూడా అంత వెలగదు.

తమ్ముడి గృహప్రవేశానికి వెళ్లి, విస్తళ్లు వెయ్యకముందే వచ్చేసింది. ఆడపడుచు కొడుకు పెళ్లికి వెళ్లి, తలంబ్రాలు చూడకుండా వచ్చేసింది. ఎందుకు వెళ్లిపోతోందో మాత్రం పందిట్లో ఒక్కరిని కూడా వదలకుండా చెప్పి వచ్చింది.

ఒకరోజు కోడిపెట్ట ఉండబట్టలేక చంద్రిని అడిగింది.

"అక్కా, కోప్పడనంటే ఒక మాట. ఎవరు పిండితే నీకేం? పాలు పడేది ఆ బకెట్టులోనేగా?"

చంద్రి నెమరు ఆపి, "గేదె అన్నాక ఒక పట్టుదల ఉండాలే," అంది. "ఎవరు పడితే వాళ్లు చెయ్యి వేస్తే ఇచ్చెయ్యడానికి నేనేమైనా వీధి కుళాయినా?"

"మన వీధి కుళాయీ అంతే వదినా," అంది మేక. "ఎవరు తిప్పినా ఇవ్వదు."

చంద్రి ఆ మాట విననట్టు అటు తిరిగి పడుకుంది.

ఈ పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో మీకు చెబుతాను. నాలుగేళ్ల కిందట వరహాలమ్మకు జ్వరం వచ్చింది. ఆ పూట గౌరునాయుడు పాలు పిండబోయాడు. అతనివి మొరటు చేతులు. పైగా గోళ్లు పెరిగి ఉన్నాయి. చంద్రి ఒక్క తన్ను తన్నింది. బకెట్టు దొర్లిపోయింది. ఆ చప్పుడికి వరహాలమ్మ దుప్పటి కప్పుకునే పరుగెత్తుకొచ్చింది. చంద్రి మెడ కౌగిలించుకుని, "నా తల్లే! నేనంటే ఎంత ప్రాణమే నీకు!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. లోపలికి వెళ్లి ఇంత బెల్లం ముక్క తెచ్చి నోట్లో పెట్టింది.

చంద్రి ఆ రోజంతా ఆలోచించింది. మూడు లీటర్లు ఇచ్చిన రోజున చిట్టూ తవుడూ పెట్టారు. బకెట్టు తన్నిన రోజున బెల్లం పెట్టారు. గేదె కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఆ మాత్రం తెలివి దానికి ఉంది.

ఇలా ఉండగా ఒకనాడు ఫోన్ వచ్చింది. వరహాలమ్మకు ఒక్కతే కూతురు. పేరు కుమారి. రెండు బస్సులు మారి వెళ్లాల్సినంత దూరంలో ఇచ్చారు. మొదటి కాన్పు పుట్టింట్లోనే అయింది. ఇప్పుడు రెండో కాన్పు, అత్తవారింట్లో.

"అమ్మా, ఈ వారంలోనే అంది డాక్టరమ్మ," అంది కుమారి. "మా అత్త చెయ్యి విరిగి కట్టు వేసుకుంది. పెద్దదాన్ని చూసుకోవడానికి మనిషి లేదు. నాకు భయంగా ఉంది. నువ్వు రావాలి. వచ్చి పది రోజులు ఉండాలి. సాయంత్రం బస్సుకి వెళ్లిపోతానంటే మాత్రం రావద్దు."

"రాకుండా ఎలా ఉంటానే పిచ్చిదానా!" అంది వరహాలమ్మ.

అన్నట్టుగానే సంచీ సర్దింది. సున్నుండలు చేసింది. పాత నేత చీరలు చింపి, ఉతికి, బిడ్డకు పొత్తిగుడ్డలు మడతపెట్టింది. అన్నీ అయ్యాక సంచీ పట్టుకుని వెళ్లి కొట్టం ముందు చతికిలబడింది.

"మావా, మరి దీన్ని ఎవరు పిండుతారు?"

"నేను పిండుతానులే," అన్నాడు గౌరునాయుడు.

ఇరవై ఆరేళ్ల కాపురంలో అతను ఒక పని నేను చేస్తానని ముందుకు రావడం అదే మొదలు. చంద్రి ఎలాగూ ఒప్పుకోదన్న ధైర్యంతో అన్నాడని వీధిలో కొందరు అన్నారు. ఆ కొందరిలో నేనూ ఉన్నాను.

సరే, వెళ్లేలోపు మూడు పూటలు పరీక్ష పెడదామనుకున్నారు. వరహాలమ్మ కనిపించకుండా గడ్డివాము వెనక దాక్కోవాలి. వేరేవాళ్లు పిండాలి.

మొదటి పూట గౌరునాయుడు కూర్చున్నాడు. చంద్రి అతన్ని ఒకసారి చూసింది. గడ్డివాము వైపు ఒకసారి చూసింది. తన్నింది. బకెట్టు వెళ్లి మేక ముందు ఆగింది. వరహాలమ్మ వాము వెనక నుంచి పరుగున వచ్చింది. "తప్పు కదే తల్లీ! అలా చెయ్యొచ్చా?" అని నోటితో కసురుతూ, చేత్తో బెల్లం పెట్టింది.

రెండో పూట సన్యాసప్పడిని పిలిచారు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో పాలు పిండేది అతనే. "నా చెయ్యి పడ్డాక పాలివ్వని గేదె ఇంకా పుట్టలేదమ్మా," అంటూ వచ్చాడు. చంద్రి అతన్ని తన్నలేదు. పెద్దమనిషని మర్యాద చూపింది. కదలకుండా నిలబడి, పాలు మాత్రం బిగబట్టింది. అరగంట గడిచింది. బకెట్టు అడుగున తడి కూడా కాలేదు. సన్యాసప్పడు తువ్వాలు దులుపుకుని లేచాడు. నాలుగు రోజులు మా వీధిలోకి రాలేదు. వరహాలమ్మ మళ్లీ బెల్లంతో వచ్చింది.

మూడో పూటకి వీధిలో ఆడవాళ్లంతా కలిసి ఒక ఉపాయం చెప్పారు. "గేదెలు మనిషిని కాదు, చీరని గుర్తుపడతాయి. పక్క ఊళ్లో ఒకాయన పెళ్లాం చీర కట్టుకునే పిండుతున్నాడట."

గౌరునాయుడు వద్దన్నాడు. ఎవరూ వినలేదు. వరహాలమ్మ రోజూ కట్టుకునే ముదురు ఎరుపు చీర కట్టారు. తల మీద ముసుగు వేశారు. గాజులు ఎక్కకపోతే తాడుతో మణికట్టుకి కట్టారు. మీసం ఒక్కటే మిగిలింది. దాని మీదికి కొంగు లాక్కోమన్నారు. చూడటానికి నేను వెళ్లలేదు. వాళ్ల దొడ్డికీ మా ఇంటికీ మధ్య గోడ దగ్గర ఏదో పని ఉండి నిలబడితే కనిపించింది.

దూడ బెదిరిపోయి, "అమ్మా, ఎవరే ఈ కొత్తావిడ?" అంది.

"వాసన చూస్తే ఎవరో చుట్ట తాగే ఆవిడలే," అంది మేక.

"నడక చూస్తే నిండు నెలల మనిషిలా ఉంది. పాపం, కూర్చోడానికి పీట వెయ్యండి," అంది కోడిపెట్ట.

చంద్రి తన్నాలని అనుకోలేదట. నవ్వు ఆపుకోలేక కాలు దానంతటదే లేచిందట. గౌరునాయుడు వెల్లకిలా పడ్డాడు. గాజులు నాలుగు వైపులా చెదిరాయి. గోడ మీద ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. వరహాలమ్మ బెల్లం పట్టుకుని వచ్చి, అందరినీ చూస్తూ, "చూశారా? నేను చెబితే నమ్మారా?" అంది.

కోడిపెట్ట మెల్లగా మేకని అడిగింది. "అక్కకి బెల్లం దక్కింది. మరి ఈవిడ ముఖం ఎందుకలా వెలుగుతోంది?"

"ఆవిడ బెల్లం ఆవిడకీ అందుతోందిలే," అంది మేక. "ఇంతమంది చూశారుగా."

ఆ సాయంత్రమే వరహాలమ్మ కూతురికి ఫోన్ చేసింది.

"తల్లీ, ఇది ఎవరికీ లొంగడం లేదే. మూడు పూటలు చూశాం. కాన్పు అయ్యాక ఒక పూట వచ్చి, బిడ్డని చూసి..."

"సరేలే అమ్మా," అంది కుమారి. "వచ్చే జన్మలో నీ దొడ్డిలో గేదెనై పుడతాను. అప్పుడు చూద్దువుగాని నన్ను."

ఫోన్ పెట్టేసింది.

వరహాలమ్మ ఆ ఫోన్ చేతిలోనే పట్టుకుని గడప మీద చాలాసేపు కూర్చుంది. ఆ రోజు వీధిలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం మాకు కొత్త. మర్నాడు పొద్దున్నే చంద్రిని పిండింది. పాలు కాచింది. సంచీ భుజాన వేసుకుంది. కొట్టం వైపు చూడకుండా వెళ్లి బస్సెక్కింది.

"సాయంత్రానికి వచ్చేస్తుంది," అంది చంద్రి. "నేను లేకుండా ఆవిడ ఉండలేదు."

సాయంత్రమైంది. గౌరునాయుడు బకెట్టు పట్టుకుని వచ్చాడు. చంద్రి తన్నింది. బకెట్టు దొర్లింది. చంద్రి గడ్డివాము వైపు తిరిగి, నోరు కొంచెం తెరిచి నిలబడింది.

ఎవరూ రాలేదు.

చంద్రి మాత్రం నోరు అలాగే ఉంచింది. కాసేపటికి అందులోకి ఒక ఈగ వెళ్లింది.

గౌరునాయుడికి ఏం చెయ్యాలో తోచలేదు. దూడ పలుపు విప్పేశాడు. "తాగవే, నువ్వైనా తాగు," అన్నాడు. వరహాలమ్మ ఉన్నప్పుడు దూడకు ఒక్క చన్ను పాలే వదిలేది. ఇప్పుడు నాలుగూ దానివే. కడుపు డోలులా అయ్యేదాకా తాగింది.

"అమ్మా, రోజూ ఇలాగే ఉంటే ఎంత బాగుంటుందో!" అంది.

మర్నాడు పొద్దునా అంతే. సాయంత్రమూ అంతే. మూడో రోజు పొద్దున దూడ పొదుగు దగ్గరికి రాలేదు. రాత్రంతా విరేచనాలై, గోనె మీద నీరసంగా పడుకుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి. చెవులు చల్లగా ఉన్నాయి.

పశువుల డాక్టరు వచ్చాడు. మందు పట్టించాడు. గౌరునాయుడిని పక్కకు పిలిచి గట్టిగానే చెప్పాడు.

"పసిదానికి అన్ని పాలు వదులుతారా? కొలిచి పట్టాలి. ముందు గేదెని పిండండి. పిండకపోతే పొదుగు వాచిపోతుంది. పిండకుండా దూడకి వదిలితే దూడ దక్కదు. ఏదో ఒకటి ఈ పూటే చెయ్యాలి."

డాక్టరు వెళ్లాక కోడిపెట్ట వచ్చి చంద్రి ముందు నిలబడింది. ఈసారి దాని గొంతులో వేళాకోళం లేదు.

"విన్నావా అక్కా?"

"విన్నాను."

"ఈ పూట ఇచ్చెయ్యి."

"ఇప్పుడు ఇస్తే, ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదని అడగరూ?"

"ఎవరు అడుగుతారు?"

"మీరే."

కోడిపెట్ట ఒక్క క్షణం ఆలోచించింది. "అడుగుతాం," అంది నిజాయితీగా. "మేక అయితే ఏడాది పాటు అడుగుతుంది. అడిగించుకుంటావు. దానికేం చచ్చిపోవుగా?"

చంద్రికి పొదుగు రాయిలా బిగిసి సలుపుతోంది. ఎప్పుడూ నిలబడే తీరులో నిలబడదామన్నా కాళ్లు దగ్గరికి రావడం లేదు.

మధ్యాహ్నం గౌరునాయుడు కొట్టంలోనే నిలబడి భార్యకు ఫోన్ చేశాడు. ఫోన్లో మాట్లాడాలంటే అతనికి స్పీకరు పెట్టి అరవడమే తెలుసు. అందువల్ల కొట్టానికీ వినిపించింది, మా ఇంటికీ వినిపించింది.

"మావా, నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో ఉన్నాం," అంది వరహాలమ్మ. "ఏమైంది, ఇప్పుడు చేశావేం?"

"దూడ లేవడం లేదే. చంద్రి పాలు విడవడం లేదు. ఈ పూట పిండకపోతే రెండూ దక్కవన్నాడు డాక్టరు. ఏం చెయ్యను?"

"వస్తాను," అంది వరహాలమ్మ. "రెండింటి బస్సు ఉంది. ఇప్పుడు బయలుదేరితే..."

ఆ వెనక నుంచి కుమారి గొంతు వినిపించింది. అందులో కోపం లేదు. "అమ్మా, చెయ్యి వదిలేస్తున్నావేం?" అంది అంతే.

గౌరునాయుడు ఫోన్ ఆగిపోయిందేమోనని దులిపి చూశాడు.

"మావా," అంది వరహాలమ్మ. "ఒక మాట చెబుతాను. నవ్వావంటే పెట్టేస్తాను."

"నవ్వేలా ఉన్నానా నేను?"

"అది తన్నినప్పుడల్లా నేను బెల్లం పెట్టాను. నాలుగేళ్ల నుంచి. ఎవరికీ ఇవ్వకూడదని దానికి నేర్పింది నేనే."

"ఎందుకే అలా?"

"కుమారి పెళ్లై వెళ్లిపోయాక ఇంట్లో నన్ను పిలిచే గొంతు లేదు. నీకు కంచంలో అన్నం కనిపిస్తే చాలు. ఈ ఒక్క జీవమైనా నేను లేకపోతే కాదంటుంటే... బాగుండేది మావా."

గౌరునాయుడు నవ్వలేదు. "ఏం చెయ్యాలో చెప్పు," అన్నాడు.

"ముందు గోళ్లు తీసుకో. వేడినీళ్లతో చేతులు కడుక్కో. కాస్త ఆముదం రాసుకో. దూడని దాని మూతి దగ్గర పడుకోబెట్టు. నాకనీ. తన్నితే తిట్టకు, ఏమీ పెట్టకు. లేచిపోకుండా కూర్చో. పాలిచ్చాకే బెల్లం పెట్టు."

"నువ్వు..."

"నేను రాను," అంది వరహాలమ్మ. "ఇక్కడ నా చెయ్యి కావాలి."

ఫోన్ ఆగిపోయింది. కొట్టంలో మేక పడీ పడీ నవ్వింది.

"వదినా! పట్టుదల పట్టుదల అంటే ఏమిటో అనుకున్నాను. బెల్లమా!"

కోడిపెట్ట కూడా ఆపుకోలేక రెక్కల్లో ముక్కు పెట్టుకుంది. చంద్రికి ఎటు చూడాలో తెలియలేదు. నల్లటి గేదె గనక సరిపోయింది గానీ, లేకపోతే ముఖం కందిపోయి ఉండేది.

దూడ ఒక్కతే నవ్వలేదు. కష్టపడి తల ఎత్తి, "అమ్మా, కడుపు నొప్పే," అంది.

చంద్రి ఇక మేక వైపు చూడలేదు.

గౌరునాయుడు గోళ్లు తీసుకుని, చేతులు కడుక్కుని, ఆముదం రాసుకుని వచ్చాడు. దూడని ఎత్తుకొచ్చి చంద్రి మూతి దగ్గర పడుకోబెట్టాడు. చంద్రి దాని చెవులు నాకింది. వీపు నాకింది. గౌరునాయుడు పొదుగు మీద చెయ్యి వేశాడు. నాలుగేళ్ల అలవాటు కదా, వెనక కాలు గాల్లోకి లేచింది.

లేచి, అక్కడే ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను. గోడకి ఆనించిన నా మోచేతులు మాత్రం నొప్పి పుట్టాయి. గౌరునాయుడు కళ్లు మూసుకున్నాడు. లేచి పోలేదు.

చంద్రి కాలు నెమ్మదిగా కిందికి దించింది. జుయ్‌మని మొదటి ధార బకెట్టు అడుగున మోగింది.

"వదినా, మేము చూస్తున్నాం," అంది మేక.

"చూడండి," అంది చంద్రి.

బకెట్టు నిండింది. గౌరునాయుడు బెల్లం సంగతి మరిచిపోయి, బకెట్టు ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తి ప్రతి గుమ్మం దగ్గరా ఆగి చూపించాడు. నాకు రెండుసార్లు చూపించాడు. ఆ తర్వాతెప్పుడో గుర్తొచ్చి వెనక్కి వచ్చి బెల్లం పెట్టాడు. చంద్రి మొహమాటపడిందని చెబితే మీరు నమ్మరు. తినేసింది.

దూడకు ఆ రోజు నుంచి కొలిచి పట్టారు. రెండో రోజుకి కాళ్ల మీద నిలబడింది. నాలుగో రోజుకి కోడిపెట్టని తరమడం మొదలుపెట్టింది. అక్కడ ఆసుపత్రిలో, చంద్రి పాలిచ్చిన సాయంత్రమే, కుమారికి ఆడపిల్ల పుట్టింది. కుమారి వాళ్లమ్మ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, రెండు రోజుల దాకా వరహాలమ్మ వేళ్లు ముడవలేకపోయిందట.

పన్నెండో రోజున వరహాలమ్మ తిరిగొచ్చింది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా కొట్టంలోకి నడిచింది. చంద్రి తల ఎత్తి ఒకసారి పలకరింపుగా అరిచింది. మళ్లీ గడ్డిలో మూతి పెట్టుకుంది. పాలు అప్పటికే పిండేశారు. పేడ ఎత్తేశారు. నీళ్ల తొట్టి నిండుగా ఉంది. వరహాలమ్మ చెయ్యడానికి ఏమైనా మిగిలిందేమోనని చుట్టూ చూసింది. ఏమీ మిగలలేదు.

గౌరునాయుడు టీ పెట్టి తెచ్చాడు. టీ అని అతనే చెప్పాడు.

"అప్పుడే వచ్చేశావేం?" అన్నాడు. "కుమారి ఇంకా పచ్చి బాలింత. నీకు ఇక్కడేం తొందర? ఇక్కడ అన్నీ జరిగిపోతున్నాయి."

జరిగిపోతున్నాయి అన్న మాట ఆ ఇంట్లో వరహాలమ్మ వినడం అదే మొదటిసారి. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక గుటక తాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ టీ నేనూ తాగాను కాబట్టి, అవి ఎందుకు తిరిగాయో కచ్చితంగా చెప్పలేను.

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మావా, రేపు మొదటి బస్సు ఎన్నింటికి?" అంది.

"ఏడున్నరకి."

"ఈసారి నెల్లాళ్లు ఉంటాను."

"ఉండు," అన్నాడు గౌరునాయుడు.

నీతి: నేను లేకపోతే ఏదీ జరగకూడదని కోరుకునేవారు, తాము నిజంగా కావలసిన చోటికి వెళ్లలేరు.